మన్ననూర్ పక్షులు, ఉస్మానియా పురుగులు: హైదరాబాద్ రాజ్యంలో పక్షి పరాన్నజీవుల అధ్యయన చరిత్ర

వ్యాససంగ్రహం:

నల్లమల అంచున ఉన్న మన్ననూర్ 1931-32లో జరిగిన హైదరాబాద్ రాజ్య పక్షి సర్వేక్షణలో ఒక విడిది. ఆ సర్వేక్షణ పక్షి బాహ్యరూపాన్ని, పేరును, ఉనికిని నమోదు చేసింది. పాతికేళ్లు గడిచాక అదే రాజ్యంలోని పక్షుల దేహాల్లో జీవించే పురుగులపై రెండు దీర్ఘ అధ్యయనాలు వెలువడ్డాయి. ఒక ప్రాంతపు పక్షులను గురించిన ఈ రెండు జ్ఞానధారలు వేర్వేరు దారుల్లో ఎందుకు సాగాయో, వాటిలో స్థలనామానికీ తెలుగు పదానికీ దక్కిన చోటు ఎంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పక్షిలోని పురుగును రోగకారకంగా మాత్రమే కాక స్థలచరిత్రకు ఆధారంగా కూడా చదవాలన్నది వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: మన్ననూర్, నల్లమల, సలీం అలీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం, పరాన్నజీవులు, క్రిమి, అతిథేయి, శాస్త్ర పదజాలం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో అచ్చంపేట దాటాక నల్లమల ఆరంభమయ్యే చోట మన్ననూర్ ఉంది. నేడు అది నాగర్‌కర్నూల్ జిల్లాలోని గ్రామం. అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ముఖద్వారం. ఈ ప్రాంతాన్ని గురించిన రచనల్లో పులి, చెంచులు, శ్రీశైల క్షేత్రం ప్రధానంగా కనిపిస్తాయి. పక్షుల ప్రస్తావన అరుదు. పక్షుల దేహాల్లో నివసించే పురుగుల ప్రస్తావన అంతకన్నా అరుదు.

పురుగు అనగానే అసహ్యం కలగడం సహజం. పక్షి కావ్యవస్తువు, హంస, చిలుక, కోకిల, చక్రవాకం మన కవిసమయాల్లో స్థిరపడ్డాయి. ఆ పక్షి పేగులో ఉన్న పురుగు మాత్రం ఏ వర్ణనలోనూ ఇమడదు. అయితే ఒక పక్షి ఏమి తిన్నది, ఏ నీటి అంచున తిరిగింది, ఏ జీవులతో కలిసి బతికింది అనే ప్రశ్నలకు ఈకలు చెప్పలేని సమాధానాలను ఆ పురుగు చెప్పగలదు. ఈ దృష్టితో పరిశీలిస్తే పక్షి పరాన్నజీవుల అధ్యయన చరిత్ర జంతుశాస్త్ర విభాగాలకే పరిమితమైన విషయం కాదు. అది ప్రాంతీయ చరిత్రలోనూ, భాషాచరిత్రలోనూ భాగమే.

2. మన్ననూర్ విడిది: పక్షుల పట్టిక

దక్షిణాది పక్షులను గురించి ఆధునిక రచన చేసిన తొలితరం వారిలో టి. సి. జెర్డన్ ముఖ్యుడు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన ఆయన 1862-64 మధ్య వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. అందువల్ల పక్షుల తెలుగు పేర్లకు పంతొమ్మిదో శతాబ్దంలోనే శాస్త్రగ్రంథంలో చోటు దొరికింది.

నిజాం పాలనలోని ప్రాంతానికి అటువంటి సమగ్ర పరిశీలన 1931లో మొదలైంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం తరఫున, నిజాం ప్రభుత్వ ఆర్థిక సహాయంతో, సలీం అలీ హైదరాబాద్ రాజ్య పక్షి సర్వేక్షణ నిర్వహించాడు. ఆయన విడిది చేసిన స్థలాల్లో మన్ననూర్, ఫరహాబాద్ ఉన్నాయి. ఫలితాలు 1933-34లో ఆ సంఘం పత్రికలో భాగాలుగా వచ్చాయి. జాతుల వర్గీకరణకు సంబంధించిన వ్యాఖ్యలను హ్యూ విస్లర్ రాశాడు. 1940లో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య పరిశోధన చేసి, 1943లో వారిపై గ్రంథం ప్రకటించాడు. ఈ విధంగా ఒకే దశాబ్ద పరిధిలో ఈ అడవి పక్షులూ మనుషులూ ఆధునిక విద్యాలోకపు రికార్డులోకి ప్రవేశించారు.

ఆనాటి పక్షి సర్వేక్షణ పద్ధతి ఈ వ్యాసానికి ముఖ్యం. పక్షిని కాల్చి, చర్మాన్ని ఈకలతో సహా ఒలిచి, విషపూరిత రసాయనం పూసి, దూది కూరి మ్యూజియంకు పంపేవారు. కాలికి కట్టిన చీటీపై స్థలం, తేదీ, కొలతలు, ఆడదో మగదో రాసేవారు. ఆడ మగ నిర్ధారణకు కడుపు కోసి జననాంగాలు చూడక తప్పదు. ఆహారం తెలియాలంటే కందనకాయ కోసి అందులో గింజలున్నాయా, పురుగులున్నాయా చూసేవారు. అంటే సర్వేక్షకుడి కత్తి పరాన్నజీవులు ఉండే అవయవాల దాకా వెళ్లేది. అయినా పక్షిశాస్త్రం అడిగే ప్రశ్న వేరు. దానికి కావలసినది చర్మం. లోపలి అవయవాలు మ్యూజియం పెట్టెలో చేరేవి కావు. పక్షిజ్ఞానం రెండుగా చీలిన చోటు ఇదే. బయటి పక్షి ఒక శాస్త్రానికి, లోపలి పక్షి మరో శాస్త్రానికి చెందాయి.

3. లోపలి పక్షి: ప్రపంచ నేపథ్యం

దేహంలోని పురుగులను గురించిన ఆలోచన ప్రాచీనమైనది. చరక సంహిత క్రిములను ఇరవై రకాలుగా లెక్కించింది. ఐరోపాలో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి 1684లో, జీవించి ఉన్న జంతువుల లోపల కనిపించే జీవులను గురించి ప్రత్యేక గ్రంథం రాశాడు. కార్ల్ రుడాల్ఫి 1808-10 మధ్య, మళ్లీ 1819లో ఈ పురుగులను క్రమబద్ధంగా వర్గీకరించాడు. అయినా పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలం వరకూ ఇవి దేహంలోనే స్వయంగా పుడతాయన్న నమ్మకం పూర్తిగా తొలగలేదు. ఒక జీవి దేహంలో ఒక దశ, వేరొక జీవి దేహంలో మరొక దశ గడిపే పురుగులు ఉన్నాయని తేలిన తరువాతనే ఈ శాస్త్రం దారి మారింది.

ఆ మలుపుకు హైదరాబాద్ పరిసరాలతో పరోక్ష సంబంధం ఉంది. బోదకాలు కలిగించే సన్నని పురుగు దోమ దేహంలో ఎదుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో పనిచేస్తూ గమనించాడు. ఆ పరిశీలనే మలేరియా విషయంలోనూ దోమను అనుమానించడానికి ఆయనను పురికొల్పింది. ఆయన ప్రోత్సాహంతో పనిచేసిన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి దశను చూశాడు. 1898లో కలకత్తాలో ఆ పరాన్నజీవి పూర్తి జీవితచక్రాన్ని ఆయన తేల్చింది పక్షుల మలేరియా ద్వారానే. మలేరియా పరాన్నజీవి ఏకకణజీవి, పురుగు కాదు. అయితే పురుగు నుంచి దోమకు, దోమ నుంచి పక్షికి సాగిన ఈ ఆలోచనాక్రమం, పక్షి దేహాన్ని ప్రయోగశాలలో ఒక ముఖ్యమైన ఆధారంగా నిలిపింది.

భారతదేశపు పరాన్నజీవులకు సంబంధించి టి. సౌత్‌వెల్ 1930లో బద్దెపురుగులపై రెండు సంపుటాలు, హెచ్. ఎ. బేలిస్ 1936, 1939లలో గుండ్రని పురుగులపై రెండు సంపుటాలు బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో ప్రకటించారు. వీటితో ఈ దేశంలో ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడైనా తన ప్రాంతపు పక్షుల్లో దొరికిన పురుగును పోల్చి చూసుకోవడానికి ప్రామాణిక గ్రంథాలు ఏర్పడ్డాయి. లక్నోలో జి. ఎస్. థాపర్ ఈ రంగానికి బలమైన పీఠాన్ని నెలకొల్పారు.

4. ఉస్మానియా అధ్యయనాలు

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనాభాషగా స్వీకరించింది. అనువాద విభాగమైన దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను, పదజాలాన్ని ఉర్దూలో సిద్ధం చేసింది. 1948 తరువాత అక్కడ బోధన ఆంగ్లానికి మారింది. హైదరాబాద్ రాజ్యపు పక్షుల్లోని పురుగులపై ప్రధాన అధ్యయనాలు వెలువడింది ఈ పరివర్తన తరువాతి దశలోనే.

వాటిలో మొదటిది ఎస్. మెహ్దీ అలీ రచన. హైదరాబాద్ రాజ్యంలోని చేపలు, పక్షుల్లో లభించే గుండ్రని పురుగులపై ఆయన చేసిన అధ్యయనం భారతీయ హెల్మింథాలజీ పత్రిక 1956 నాటి ఎనిమిదో సంపుటంలో 83 పుటల మేర అచ్చయింది. రెండవది జి. పి. జైస్వాల్ రచన. అదే రాజ్యంలోని చేపలు, పక్షుల్లో లభించే జలగ ఆకారపు చదును పురుగులపై ఆయన చేసిన అధ్యయనం 1957లో జర్మనీకి చెందిన జంతుశాస్త్ర పత్రికలో 72 పుటల మేర వెలువడింది.

ఈ రెండింటి శీర్షికలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక ప్రణాళిక కనిపిస్తుంది. అతిథేయులు ఒకటే: చేపలు, పక్షులు. ప్రాంతం ఒకటే: హైదరాబాద్ రాజ్యం. మారినది పురుగుల వర్గం మాత్రమే. చేపలనూ పక్షులనూ జతచేయడం కూడా యాదృచ్ఛికం కాదు. కొంగ, నీటికాకి వంటి పక్షులకు చేపే ఆహారం; చేప కండరంలో లార్వా దశలో ఉన్న పురుగు, ఆ చేపను మింగిన పక్షి పేగులో ప్రౌఢదశకు చేరుతుంది. చెరువుల మీద ఆధారపడిన తెలంగాణ భూభాగంలో చేప, పక్షి, నత్త ఒకే గొలుసులోని కడియాలు. సర్వేక్షణ పక్షిని ఒంటరిగా చూస్తే, ఈ అధ్యయనాలు దానిని ఆహారపు గొలుసులో ఉంచి చూడడానికి వీలు కల్పించాయి.

తీరాంధ్రలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కె. హనుమంతరావు, ఆర్. మాధవి వంటి వారి కృషితో పరాన్నజీవశాస్త్రంలో పేరు పొందింది. అక్కడ చేపల పరాన్నజీవులకు పెద్దపీట దక్కింది. దక్కన్ పీఠభూమి పక్షుల విషయంలో ఉస్మానియా కాలపు రెండు రచనలకు ఉన్న ప్రాధాన్యం అందువల్ల ప్రత్యేకమైనది.

5. శీర్షికలో మిగిలిన రాజ్యం

ఈ అధ్యయనాల కాలం చరిత్రకారుడి దృష్టిని ఆకర్షిస్తుంది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం భాషాప్రాతిపదికన విడిపోయింది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. మెహ్దీ అలీ రచన వచ్చిన సంపుటం ఆ రాష్ట్రపు చివరి సంవత్సరానిది. జైస్వాల్ రచన అచ్చయ్యే నాటికి శీర్షికలో ఉన్న రాజ్యం పటంలో లేదు.

శాస్త్రంలో ఒక పరాన్నజీవి నమోదు నాలుగు అంశాలపై నిలుస్తుంది. ఏ అతిథేయిలో దొరికింది, ఏ అవయవంలో దొరికింది, ఏ స్థలంలో దొరికింది, ఎప్పుడు దొరికింది. కొంగ ఎక్కడైనా కొంగే. కాలేయం ఎప్పటికీ కాలేయమే. కాలంతో మసకబారేది స్థలనామమే. తరువాతి గ్రంథసూచికల్లోకి శీర్షిక మాత్రమే ప్రయాణించినప్పుడు 'హైదరాబాద్ రాజ్యం' అన్న మాట ఔరంగాబాద్‌నూ, గుల్బర్గానూ, మన్ననూర్‌నూ ఒకే గొడుగు కిందికి తెస్తుంది. నల్లమల పొడి ఆకురాల్చే అడవికీ, మరాఠ్వాడా నల్లరేగడికీ మధ్య ఉన్న తేడా ఆ గొడుగు కింద కనిపించదు.

మన్ననూర్ విషయంలో ఈ మార్పులు మరింత స్పష్టం. సర్వేక్షణ నాటికి అది నిజాం రాజ్యంలోని మహబూబ్‌నగర్ జిల్లా గ్రామం. 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి, 2014లో తెలంగాణ రాష్ట్రంలోకి, 2016లో కొత్తగా ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. చుట్టూ ఉన్న అడవి 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. పక్షి తిరిగే చోటు మారలేదు. దాని చిరునామా మాత్రం పలుమార్లు మారింది. అందుచేత పాత రికార్డులను నేటి పటంతో అనుసంధానించడం చరిత్ర పరిశోధకులు చేయదగిన పని. 'మనానూర్' అన్న ఆంగ్ల వర్ణక్రమం చూసి మన్ననూర్‌ను గుర్తించగలిగేది స్థానిక భాష తెలిసినవారే.

6. పురుగు చెప్పే స్థలచరిత్ర

పురుగు ఉనికి ఏ రకమైన సమాచారం ఇస్తుందో కొన్ని ఉదాహరణలతో చూడవచ్చు.

కోడిజాతి పక్షుల పేగుల్లో ఉండే ఒక వర్గపు బద్దెపురుగుల గుడ్లు రెట్టతో నేలమీద పడతాయి. వాటిని చీమలు తింటాయి. చీమ దేహంలో పురుగు లార్వా తయారవుతుంది. ఆ చీమను తిన్న కోడి పేగులో మళ్లీ బద్దెపురుగు ఎదుగుతుంది. మరో జాతికి ఇదే పాత్రను పేడపురుగుల వంటి పెంకుపురుగులు నిర్వహిస్తాయి. కాబట్టి పక్షిలో బద్దెపురుగు దొరికిందంటే ఆ నేలమీద చీమలూ పెంకుపురుగులూ ఉన్నట్లు, పక్షి వాటిని తిన్నట్లు సాక్ష్యం లభించినట్లే.

జలగ ఆకారపు పురుగుల కథ నీటిది. వాటి తొలి లార్వా నత్తలోకి ప్రవేశించాలి. ఆ నత్త జాతి లేని కుంటలో ఆ పురుగు నిలవదు. కొన్ని అడవి పక్షుల వాయుకోశాల్లో ఉండే పొడవైన తెల్లని పురుగులకు మిడతలు మధ్యస్థ అతిథేయులు. కోడి కంటి రెప్ప కింద ఉండే పురుగుకు బొద్దింక ఆధారం. శ్వాసనాళంలో అంటిపెట్టుకుని పక్షిని నోరు తెరిచి ఎగపోసేలా చేసే ఎర్రని పురుగు వానపాముల ద్వారా కూడా వ్యాపిస్తుంది. ఈ విధంగా ఒక్కొక్క పురుగు వెనుక ఒక చిన్న జీవి, దాని వెనుక ఒక నేల లేదా నీరు ఉన్నాయి. పక్షి పేగు ఒక రకంగా ఆ స్థలపు జాబితా.

మన్ననూర్ వంటి అడవి అంచు గ్రామానికి ఈ విషయం మరింత దగ్గరిది. నల్లమలలో నెమలి, అడవికోడి, జిట్టకోడి, కౌజు, పూరేడు ఉన్నాయి. ఇవన్నీ నేలను కెలికి తినే పక్షులు. గూడెంలో పెంచే నాటుకోళ్లు కూడా అదే అలవాటు గలవి. అడవికోడి, నాటుకోడి ఒకే ప్రజాతికి చెందినవి కనుక ఒకదాని పురుగు మరొకదానిలో సులభంగా నిలుస్తుంది. ఊరి కోళ్లు తిరిగే నేలా, అడవికోడి దిగే నేలా కలిసే చోట పరాన్నజీవుల మార్పిడికి అవకాశం ఏర్పడుతుంది. అడవికీ ఊరికీ మధ్య చెక్‌పోస్టు వాహనాలను ఆపగలదు. చీమ దేహంలోని లార్వాను ఆపలేదు.

అయితే పురుగున్న ప్రతి పక్షీ రోగి కాదన్న విషయం గమనించాలి. దీర్ఘకాలం కలిసి పరిణమించిన అతిథేయి, పరాన్నజీవి మధ్య చాలా సందర్భాల్లో ఒక సమతుల్యం ఉంటుంది. ఆహారం తగ్గినప్పుడు, పక్షులు ఒకేచోట కిక్కిరిసినప్పుడు, కొత్త అతిథేయిలోకి పురుగు చేరినప్పుడు ఆ సమతుల్యం తప్పుతుంది. అందువల్ల 'ఎన్ని పురుగులున్నాయి' అన్న లెక్క కన్నా 'ఏవి కొత్తగా వచ్చాయి' అన్న ప్రశ్న ముఖ్యం. కొత్తదని చెప్పాలంటే పాత రికార్డు కావాలి. 1950ల నాటి రచనల విలువ ఇక్కడే తెలుస్తుంది.

7. తెలుగు పదజాలం: పేరున్నవి, పేరులేనివి

దేహంలోని పురుగులకు తెలుగులో పదసంపద తక్కువేమీ కాదు. నులిపురుగులు, ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు మనుషులకు సంబంధించినవి. గొర్రెల కాపరులు నట్టలు అంటారు. పశుసంవర్ధక శాఖ నట్టల నివారణ కార్యక్రమం ఆ మాటతోనే ఊరూరా సాగుతుంది. పశువుల కాలేయంలో చేరే పురుగును జలగ అన్నారు, దాని వ్యాధి జలగవ్యాధి. చర్మం చీల్చుకుని బయటికి వచ్చే పొడవైన పురుగు వల్ల కలిగే బాధకు నారికురుపు అని పేరు. దిగుడుబావుల నీటిలోని సూక్ష్మమైన నీటిపురుగుల ద్వారా వ్యాపించిన ఆ వ్యాధి దేశంలో 1996 తరువాత కనిపించలేదు. 2000లో భారతదేశం దాని నుంచి విముక్తమైనట్లు ప్రకటించారు. వ్యాధి పోయినా మాట మిగిలింది.

ఈ పదాలను పరిశీలిస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. తెలుగు సమాజం తన దేహానికి, తన మందకు, తన పశువుకు తగిలిన పురుగుకు పేరు పెట్టింది. పేరు పెట్టడంలో రూపమూ ఉంది: నారలాంటిది నారు, బద్దలాంటిది బద్దె, కొంకిలాంటిది కొంకి. రుడాల్ఫి చేసినట్లే ఆకారాన్ని బట్టి వర్గీకరణ ఇక్కడా జరిగింది. కానీ అడవి పక్షి పురుగు ఎవరి మందకూ నష్టం కలిగించలేదు కాబట్టి దానికి పేరు అవసరం రాలేదు. నారికురుపు పురుగు కుటుంబానికే చెందిన పురుగులు కొన్ని నీటిపక్షుల చర్మం కిందా ఉంటాయి. మనిషిలో ఉన్నదానికి మాట ఉంది, బాతులో ఉన్నదానికి లేదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా పరాన్నజీవి, అతిథేయి, మధ్యస్థ అతిథేయి, జీవితచక్రం వంటి పదాలు స్థిరపడ్డాయి. 'అతిథేయి' అన్న పదం ప్రత్యేకంగా గమనించదగినది. పిలవని జీవికి ఆశ్రయమిచ్చిన దేహాన్ని ఆతిథ్యధర్మంతో సూచించడం ఈ పదంలోని విశేషం. ఈ పదాలు భావనలకు సరిపోయాయి. జాతుల స్థాయిలో మాత్రం లాటిన్ పేర్లే నిలిచాయి. మన పక్షులను గురించిన లోపలి జ్ఞానం ఉర్దూ బోధన కాలాన్ని దాటి, ఆంగ్లంలో రాయబడి, ఒక భాగం జర్మన్ పత్రికలో అచ్చయింది. ఆ ప్రయాణంలో తెలుగు చోటుచేసుకున్నది పాఠ్యపుస్తకపు దశలోనే.

8. చంపకుండా తెలుసుకోవడం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ రంగపు పద్ధతిని మార్చింది. అడవి పక్షిని కాల్చి కోసి చూడడం అనుమతించదగినది కాదు. అందువల్ల 1950ల తరహా అధ్యయనాన్ని నేడు అదే పద్ధతిలో పునరావృతం చేయలేము, చేయనవసరమూ లేదు. తాజా రెట్టను సేకరించి ఉప్పు లేదా చక్కెర ద్రావణంలో కలిపితే తేలికైన గుడ్లు పైకి తేలతాయి. సూక్ష్మదర్శినిలో వాటి ఆకారం చూసి పురుగు వర్గాన్ని గుర్తిస్తారు. జన్యువిశ్లేషణ ద్వారా కొన్ని సందర్భాల్లో జాతిని కూడా నిర్ధారించవచ్చు. సహజంగా మరణించిన పక్షుల శవపరీక్ష మరో ఆధారం.

హైదరాబాద్‌లో సీసీఎంబీకి అనుబంధంగా ఉన్న లాకోన్స్ ప్రయోగశాల ఈ రకమైన పరిశోధనలకు కేంద్రం. అక్కడి శాస్త్రవేత్తలు అన్నామలై కొండల్లోని సింహపుతోక కోతుల మలాన్ని పరీక్షించి, జనావాసాలకు సమీపంలో ఉన్న గుంపుల్లో పరాన్నజీవుల భారం ఎక్కువని 2013లో ప్రకటించారు. జంతువు వేరైనా ఆ ప్రశ్న మన్ననూర్‌కు వర్తిస్తుంది. రోడ్డు, పర్యాటకం, గూడెం, అడవి కలిసిన చోట పక్షుల లోపలి జీవజాలం ఎలా మారుతున్నదో రెట్టల ద్వారా తెలుసుకోవచ్చు. పక్షి ఎక్కడ దిగుతుందో, ఏ ఋతువులో ఏమి తింటుందో చెప్పగల చెంచుల అనుభవం లేకుండా ఆ సేకరణ సఫలం కాదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• హైదరాబాద్ రాజ్యంలో పక్షిజ్ఞానం రెండు శాఖలుగా ఎదిగింది. 1931-32 సర్వేక్షణ బాహ్యరూపాన్ని, 1956-57 అధ్యయనాలు అంతర్జీవాన్ని నమోదు చేశాయి.

• మెహ్దీ అలీ, జైస్వాల్ రచనలు చేపలనూ పక్షులనూ కలిపి చూడడం ద్వారా చెరువు కేంద్రంగా ఉన్న తెలంగాణ జీవావరణాన్ని పరిశోధనలోకి తెచ్చాయి.

• పాలనా విభాగాల మార్పుల వల్ల ఆ రికార్డుల స్థలనామాలు మసకబారాయి. వాటిని నేటి గ్రామనామాలతో అనుసంధానించడం అవసరం.

• తెలుగులో పురుగుల పేర్లు మనిషి, పశువుల బాధలను అనుసరించి ఏర్పడ్డాయి. అడవి పక్షుల పురుగులకు రూపాన్ని బట్టి తెలుగు పేర్లు కూర్చడానికి భాషలోనే నమూనా ఉంది.

మన్ననూర్ పక్షుల పట్టిక ఒకచోట, పక్షుల పురుగుల పట్టిక మరోచోట, ఆ పక్షుల తీరుతెన్నులు ఎరిగిన చెంచుల జ్ఞానం ఇంకోచోట ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే పుటలో ఉంచగలిగేది ఆ ప్రాంతపు భాష. అడవికోడి పేగులో రేపు ఒక కొత్త పురుగు కనిపిస్తే, అది నిన్నటిదాకా అక్కడ లేదని చెప్పడానికి ఊరి పేరుతో సహా రాసిన పాత రికార్డు ఉండాలి. అటువంటి రికార్డును తెలుగులో సిద్ధం చేయడంలో జంతుశాస్త్రవేత్తలతో పాటు భాషాసాహిత్య పరిశోధకులకూ బాధ్యత ఉంది.